పొయ్యి ఆర్పిన వంట క్లాసు

తాగుడు మానాలనుకునే మగవాళ్లకు వంట నేర్పడం నా ఉద్యోగం. ఈ మాట ఎక్కడ చెప్పినా ముందు నవ్వుతారు, ఆ తర్వాత "నిజంగానా అండీ?" అంటారు. నిజంగానే. బియస్సీ హోంసైన్స్ చదివి, పోషకాహారం మీద ఇంకో కోర్సు వెలగబెట్టి, రోజూ పొద్దున్నే కోదాడలో బస్సెక్కి సూర్యాపేటలో దిగి, బారెడు మీసాలున్న మనుషుల చేత గోంగూర తుంచించేదాన్ని. మా అమ్మ అయితే చుట్టాల ముందు నా ఉద్యోగం సంగతి వస్తే "ఆస్పత్రిలో" అని ఊరుకునేది. ఏం ఆస్పత్రి, ఏం డ్యూటీ అని ఎవరైనా గుచ్చి గుచ్చి అడిగితే కాఫీ పెడతానని లేచి లోపలికి పోయేది.

మీలో చాలామంది ఇప్పుడు ఇలాంటి పనుల్లోకి వస్తున్నారని వింటున్నాను. కౌన్సెలింగ్, డైట్, రీహాబ్ అని మంచి మంచి పేర్లు కూడా వచ్చాయి. సంతోషం. మాకు అప్పుడు పేర్లు లేవు. ఒక పాత పత్తి గోదాం, ఒక డాక్టరు, ఒక వార్డెను, నేను. అంతే. పుస్తకాల్లో ఉండేది మీరు ఎలాగూ చదువుకుంటారు. పుస్తకంలో దొరకని ఒక ఆదివారం సంగతి చెబుతాను, వినండి.

తొంభైల మొదట్లో మాట ఇది. ఒక సేవాసంస్థ సూర్యాపేటలో హైవేకి కాస్త లోపలగా ఆ గోదాంను కిరాయికి తీసుకుని, సున్నం వేయించి, మంచాలు పరిపించి, తాగుడు మాన్పించే కేంద్రం పెట్టింది. ఒకవైపు సారా, ఇంకోవైపు మత్తుమందు కలిపిన కల్లు. మిర్యాలగూడ మిల్లుల నుంచి, గరిడేపల్లి, దామరచర్ల వైపు పల్లెల నుంచి మనుషుల్ని ఇంటివాళ్లు రెక్క పట్టుకుని తీసుకొచ్చి మాకు అప్పగించేవారు. నెల రోజులు ఉండాలి. ఆ నెల రోజులూ గేటు దాటకూడదు.

డాక్టరుగారు బక్కపలచటి మనిషి, మాటలు కూడా మాత్రల్లాగే లెక్కగా ఇచ్చేవారు. నేను చేరిన రోజు నాతో ఆయన అన్నది ఒక్కటే: "తాగుడు నేను మాన్పిస్తానమ్మా, అన్నం మీరు తినిపించండి." మొదట అదేం పెద్ద పని అనుకున్నాను. పెద్ద పనే. ఏళ్ల తరబడి తాగినవాడికి ఆకలి అనేదే తెలియదు. ఒంట్లో బి విటమిన్లు అడుగంటిపోయి చేతులు వణుకుతాయి, కాళ్లు తిమ్మిర్లెక్కుతాయి, కడుపంతా పుండు. వాడికి వండిపెట్టడం ఒక ఎత్తు. ఇంటికి వెళ్లాక వాడే వండుకుని తినేలా చేయడం ఇంకో ఎత్తు. ఎందుకంటే ఇంటికి వెళ్లేసరికి అక్కడ వండిపెట్టే మనిషి ఉంటుందో లేదో చాలామందికి నమ్మకం లేదు.

ఇక వార్డెను. ఒకప్పుడు బస్సు కండక్టరు. తాగి ఉద్యోగం పోగొట్టుకుని, నానా పాట్లు పడి మానేసి, మా దగ్గర చేరాడు. పొద్దున్నే "రైట్, రైట్!" అని అరిచి అందర్నీ మంచాల మీంచి లేపేవాడు. ఆంధ్ర సరిహద్దు యాస కదా, నా కోదాడ మాట ఆయనకు పెద్ద వేడుక. నేను "అలాగేనండీ" అన్నప్పుడల్లా వెనక నుంచి "అలాగేనండీ" అని సాగదీసేవాడు. నాకు ఒళ్లు మండేది. కానీ ఆ మనిషి లేకపోతే ఆ గోదాంలో నేను వారం కూడా నిలబడేదాన్ని కాదు.

మొదటి క్లాసులోనే తిరగబడ్డారు. "వంట చేసుడా? మేమేమన్న ఆడోళ్లమా మేడం?" అన్నాడొకడు. మిగతావాళ్లు నవ్వారు. వార్డెను ముందుకొచ్చాడు. "అరె, పెండ్లిళ్లల్ల యాటను కోసి వండేది ఎవరు? మీ పెండ్లామా? గుండిగ కాడ నిలబడి గంటె తిప్పేది నువ్వు గాదా? గప్పుడు యాదికి రాలేదా ఆడోళ్లు?"

అప్పుడు తెలిసింది నాకు. మా వైపు కూడా ఉంది గానీ ఇటువైపు మరీ గట్టి ఆచారం. పెళ్లికో పండక్కో యాటను, అంటే మేకనో గొర్రెనో, కోసి పెద్ద ఎత్తున వండాల్సి వస్తే ఆడవాళ్లు గుండిగ జోలికి రారు. బయట మూడు రాళ్లు పెట్టి మగవాళ్లే వండుతారు. వండేవాళ్లకు మర్యాదగా పొయ్యి దగ్గరే ఒక సీసా పెడతారు. నా శిష్యుల్లో సగం మందికి వందమందికి వండటం వచ్చు, నలుగురికి వండటం రాదు. గంటె పట్టుకుంటే రెండో చెయ్యి సీసా కోసం చూస్తుంది. ఇదీ నా క్లాసు.

వాళ్లలో ఒకాయన మిర్యాలగూడ రైస్ మిల్లులో హమాలీ. బస్తాలు మోసి మోసి మెడ పక్కన కాయ కాసింది. మనిషి తలుపంత ఉండేవాడు, గొంతు మాత్రం పిల్లాడిదిలా మెత్తగా ఉండేది. లక్షల బస్తాల బియ్యం మోసినవాడికి బియ్యంలో రాళ్లు ఏరాలని తెలియదు. చాట చేతికిస్తే తిరగేసి పట్టుకున్నాడు. అతని భార్య ఇద్దరు ఆడపిల్లల్ని తీసుకుని పాలకీడు దగ్గర తల్లిగారింటికి వెళ్లిపోయింది. అతన్ని కేంద్రంలో చేర్పించిన బావమరిది చేత కబురు కూడా పంపింది. నెలాఖరున ఇంటివాళ్లను పిలిచే ఆదివారం పిల్లల్ని తీసుకుని వస్తుంది. మనిషి మనిషిలా కనబడితే మళ్లీ కలిసి ఉండే సంగతి ఆలోచిస్తుంది. లేదంటే ఇక ఖతం. ఈ మాట అతనే నాకు చెప్పాడు, చాటలో బియ్యం వైపు చూస్తూ.

ఇక నేను నేర్పిన మొట్టమొదటి వంటకం ఏంటో చెప్పనా? గుడాలు. శనగలు నానబెట్టి ఉడికించి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, నిమ్మరసం. చవక, బలం, వణికే చేతులతో పెద్దగా కత్తి పట్టే పని లేదు. అంతకు ముందు వరకు నా చప్పిడి కూరల్ని "దవాఖాన కూడు" అని పక్కకు నెట్టేసినవాళ్లు ఆ రోజు గిన్నెలు నాకేశారు. "మస్తున్నయ్ మేడం!" అంటే నాకు కాళ్లు నేల మీద ఆనలేదు. సాయంత్రం బస్సులో కోదాడ దాకా నాలో నేను నవ్వుకుంటూనే వెళ్లాను.

మర్నాడు గేటు దగ్గరే వార్డెను కాచుకుని ఉన్నాడు. హమాలీ గోడ దూకాడట. దగ్గర్లోని కల్లు కంపౌండులో దొరికాడట. తీసుకొచ్చి పడుకోబెట్టారు. నేను గాభరాపడి ఎందుకు, ఏమైంది అని అడుగుతుంటే వార్డెను కడుపు పట్టుకుని నవ్వుతున్నాడు.

"మేడం, మీరు నిన్న చేసింది ఏందో ఎరికేనా? కల్లు ఒక్కటి తక్కువగ కల్లు కంపౌండు పెట్టిన్రు. కల్లు తాగెటోడు గుడాలు గాక ఇంకేం నములుతడు? ఆయన ఒక్కడే దునికిండు. మిగిలినోళ్లు రాత్రంత మంచాల మీద అటు ఇటు పొర్లిన్రు."

"మరి మీరు నిన్ననే చెప్పొచ్చు కదండీ!"

"నేను గూడ తింటున్న గదా మేడం. మస్తున్నయ్."

డాక్టరుగారు మాత్రం నవ్వలేదు. హమాలీని పిలిచి, ఇంకోసారి గేటు దాటితే పేరు కొట్టేసి భార్యకు కబురు పంపిస్తానన్నారు. అతను తల వంచుకుని నిలబడ్డాడు. ఆ తర్వాత నా దగ్గరికి వచ్చి, "మీ తప్పేం లేదు మేడం, గుడాలు నోట్లేసుకుంటే నోరు దాన్నే అడిగింది," అని నన్నే ఓదార్చాడు.

దాంతో క్లాసు మొత్తం మార్చాం. తాగేటప్పుడు ఏమేం నంజుకునేవారో అడిగి తెలుసుకున్నాం. అబ్బో, రుచైనదేదీ మిగల్లేదు. మిర్చి బజ్జీలు, వేయించిన పల్లీలు, ఉప్పూ కారం అద్దిన గుడ్డు, పిత్తపరిగెల వేపుడు, చివరికి మామిడికాయ ముక్క కూడా. మిగిలిందల్లా ఇంట్లో రోజూ వండుకునే తిండి. పప్పు, ఆకుకూరలు, గంజి, జొన్న గటక, మజ్జిగ. వాళ్లు బయట తాగుతూ ఉంటే ఇంట్లో పెళ్లాం, పిల్లలు తిన్నవి. ఆ వంటలే నేర్పడం మొదలుపెట్టాను. తోటకూర పప్పు చేసిన రోజు హమాలీ ఒక ముద్ద తిని, "మా పిల్లలు ఏం తింటరో నాకు తెల్వదు మేడం," అన్నాడు. మిగతావాళ్లు ఒక్కొక్కరే మళ్లీ వడ్డించుకున్నారు.

నెల గడిచేసరికి ఆ గోదాం వంటిల్లు చూడముచ్చటగా ఉండేది. దామరచర్ల నుంచి వచ్చిన ఒక లారీ డ్రైవరు గోంగూర తుంచుతూ పాటలు పాడేవాడు. గంజిలో ఉప్పు ఎంత వేయాలనే దాని మీద ఇద్దరు పెద్దమనుషులు కొట్టుకునేదాకా వచ్చారు. హమాలీ చేతి వణుకు తగ్గింది. బియ్యం ఏరడంలో అతన్ని మించినవాడు లేడని మేమంతా ఏడిపించేవాళ్లం. సన్న రాయి ఒక్కటి దొరికినా తీసుకొచ్చి నాకు చూపించి మురిసిపోయేవాడు.

ఇంటివాళ్లు వచ్చే ఆదివారం దగ్గరపడింది. ఏం వండాలి? నేను పప్పు, కూర, పెరుగు అన్నాను. క్లాసంతా లేచింది.

"అత్తగారింటోళ్లు వస్తరు మేడం! పప్పు పెడితే మాకు ఇజ్జత్ ఉంటదా?" అన్నాడు లారీ డ్రైవరు.

"యాట లేకుంటే మా మామ విస్తరి ముందు కూసోడు," అన్నాడు ఇంకొకడు.

హమాలీ కూడా ఆశగా నా వైపు చూశాడు. "నా చేతితోటి వండి పెడ్త మేడం. సుక్క ముట్టకుంట యాట వండంగ నా బిడ్డలు ఒక్కసారన్న సూస్తరు." ఈ మాటకు నేను కరిగిపోయాను. మంచి ఆలోచనే కదా మరి. డాక్టరుగారు సరేనన్నారు. గుడాల దెబ్బ తిన్నవాళ్లం కాబట్టి ఈసారి అన్నీ ఆలోచించామనుకున్నాం. పొయ్యి దగ్గర వార్డెను కుర్చీ వేసుకుని కూర్చోవాలి. ఎవరికీ నోరు ఊరకుండా ముందే కడుపు నిండా గంజి తాగించాలి. యాట కూర వాసన ఆ మగవాళ్లను ఏం చేస్తుందోనని మేం ముగ్గురం ఎంత బుర్ర చించుకున్నామో! మగవాళ్లను.

ఆదివారం వచ్చింది. పొద్దుటి నుంచే సందడి. గోదాం ముందు ఆవరణలో మూడు రాళ్ల మీద గుండిగ, ఇంకో పక్క అన్నం, పప్పు అయిపోయి మూతలు పెట్టి ఉన్నాయి. హమాలీ స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని గంటె పట్టుకుని నిలబడ్డాడు. ఒక్కొక్క కుటుంబమే వచ్చి చాపల మీద కూర్చుంటోంది. కూర సగం ఉడికింది, వాసన గేటు దాకా కమ్మేసింది. నేను గేటు దగ్గర నిలబడి అందర్నీ పలకరిస్తూ లోపలికి పంపుతున్నాను.

హమాలీ భార్య ఇద్దరు పిల్లల్ని తీసుకుని వచ్చింది. సన్నటి మనిషి, నూనె రాసి నున్నగా దువ్వుకున్న తల. పెద్దపిల్లకు పదేళ్లుంటాయేమో, చిన్నదాని చెయ్యి పట్టుకుని ముందు నడుస్తోంది. గేటు లోపలికి ఒక అడుగు వేసింది. ఆగింది. ముక్కు ఎగబీల్చింది. చెల్లెల్ని చంకనేసుకుని గిర్రున వెనక్కి తిరిగి రోడ్డు మీదికి నడిచింది. చిన్నపిల్ల నడక కాదు అది, పని తెలిసిన పెద్దమనిషి నడక.

తల్లి నన్ను చూసి, "కూర ఎవరు వండుతున్నరు మేడం?" అని అడిగింది.

"మీ ఆయనేనమ్మా! మీ కోసమే," అన్నాను, పెద్ద శుభవార్త చెబుతున్నట్టు.

ఆమె ముఖం వాడిపోయింది. "గట్లనా," అని కూతుళ్ల వెనకే వెళ్లిపోయింది.

పొయ్యి దగ్గర నుంచి హమాలీ అంతా చూశాడు. గంటె పక్కవాడి చేతిలో పెట్టి పరుగున గేటు దాకా వచ్చాడు. అప్పటికే వార్డెను అడ్డం నిలబడ్డాడు. "దాటకు! బస్టాండు తొవ్వల సారా దుకాణాలున్నయ్. గిప్పుడున్న పరేషాన్ల నువ్వు దాటినవంటే మల్ల రావు. నా మాట ఇను."

"నా పిల్లలు పోతున్నరన్నా!"

"ఎరికే. నువ్వు పోతే ఇంక దూరం పోతరు."

అతను గేటు చువ్వలు పట్టుకుని నా వైపు చూశాడు. చెప్పులు వేసుకున్నానో లేదో కూడా చూసుకోకుండా బస్టాండుకు పరుగెత్తాను.

మిర్యాలగూడ బస్సు ఆగే చోట, బల్ల మీద ముగ్గురూ కూర్చుని ఉన్నారు. నేను ఆయాసపడుతూ పక్కన కూలబడి మొదలుపెట్టాను. చేతులు వణకడం తగ్గిందని, బరువు పెరిగాడని, పప్పు వండటం నేర్చుకున్నాడని, ఇవాళ ఒక్క చుక్క కూడా ముట్టలేదని. ఆమె అంతా ఓపిగ్గా విన్నది.

"మీరు చెప్పేది అబద్ధం అంటలేను మేడం. మా ఇంట్ల యాట కూర ఉడికిందంటే ఆయన తాగొచ్చినట్టే. సీసా, కూర ఒక్కసారే వస్తయ్. నేను వండుడు, ఆయన తినుడు, తిన్నంక లొల్లి. పళ్లెం గోడకు తగులుతది. వాసన రాంగనే ఈ పిల్ల చెల్లెను తీస్కొని పక్కింటికి పోతది. నేను చెప్పకముందే పోతది. గీడ గూడ గట్లనే మర్లింది. నేనేం చెయ్యాలె?"

నెల రోజులు వాళ్ల నోళ్లను అడిగాం, నాలుకలను అడిగాం. ఇంట్లో ఉన్నవాళ్లను అడగాలన్న ఆలోచనే మా ముగ్గురిలో ఒక్కరికీ రాలేదు.

పెద్దపిల్ల ముందు గొంతుక్కూర్చున్నాను. "అమ్మా, నాన్నను ఒక్కసారి చూసి వద్దాం, వస్తావా? నేను నీ పక్కనే ఉంటాను," అన్నాను.

ఆ పిల్ల స్పష్టంగా అంది: "పొయ్యి ఆర్పేస్తే వస్త."

బస్సు రావడానికి ఇంకా వేళుంది. నేను వచ్చేదాకా ఎక్కవద్దని బతిమాలుకుని మళ్లీ పరుగు. హమాలీ గేటు లోపలే అదే చోట నిలబడి ఉన్నాడు. దాటలేదు. పిల్ల అన్న మాట ఉన్నదున్నట్టు చెప్పాను. ఎందుకు అని అడుగుతాడేమో అనుకున్నాను. అడగలేదు. కళ్లు గట్టిగా మూసుకుని తెరిచాడు, తిన్నగా పొయ్యి దగ్గరికి నడిచాడు.

కట్టెలు లాగబోతుంటే లారీ డ్రైవరు చెయ్యి పట్టుకున్నాడు. "నీకేమన్న పిచ్చా? సగం ఉడికింది! జర సేపైతే అయిపోతది. ఒక్క పిల్ల కోసం గింతమందిని ఉపాసం పెడ్తవా?"

గరిడేపల్లి నుంచి వచ్చిన ఒక మామగారు చాప మీద నుంచే గొంతు పెంచాడు. "మేం గంత దూరం నుంచి ఒచ్చింది పప్పు తిననీకా?"

అంతా గోల. నేను ఏదో చెప్పబోతే నా గొంతు ఎవరికీ వినబడలేదు. అప్పుడు లారీ డ్రైవరు తల్లే లేచింది. ముసలావిడ, నడుం వంగిపోయింది గానీ గొంతు వంగలేదు.

"ఆర్పుండ్రి! నా కోడలు వచ్చినప్పటి సంది ముక్కుకు కొంగు పెట్టుకొనే కూసున్నది. సూసిన్రా మీరు? గా పిల్ల చెప్పింది, మేం చెప్పలే. గంతే ఫరకు."

డ్రైవరు తిరిగి భార్య వైపు చూశాడు. ఆమె తల దించుకుంది గానీ కొంగు తీయలేదు. ఆ పక్కన ఇంకో ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు కూడా నేల చూపులు చూస్తున్నారు. అంతసేపూ మేం అది సిగ్గు అనుకున్నాం. డ్రైవరు మెల్లగా హమాలీ చెయ్యి వదిలేశాడు. తనే ఒక కట్టె లాగాడు.

హమాలీ బకెట్టెడు నీళ్లు తెచ్చి పొయ్యి మీద గుమ్మరించాడు. సుయ్యిమని లేచిన పొగకు డాక్టరుగారు ఏదో తగలబడుతోందని కేకలు వేస్తూ బయటికొచ్చారు. సంగతి విని, "వాసన పోయేదాకా గుండిగను కూడా బయటికి పంపండి," అన్నారు. వార్డెను ఆ సగం ఉడికిన కూరను పక్కనే ఉన్న లారీ రిపేరు షెడ్డుకు మోయించాడు. అక్కడి మెకానిక్కులు ఆ మధ్యాహ్నం ఏ దేవుడికి మొక్కుకున్నారో గానీ, తర్వాత చాలా రోజులు నేను కనబడితే లేచి నమస్కారం పెట్టేవారు. గరిడేపల్లి మామగారు వాసన పట్టుకుని ఆ షెడ్డుకే వెళ్లి భోంచేశాడని కూడా తర్వాత తెలిసింది.

నేను మళ్లీ బస్టాండుకు వెళ్లి ముగ్గుర్నీ తీసుకొచ్చాను. పెద్దపిల్ల గేటు దగ్గర ఆగి ఆరిపోయిన పొయ్యిని చూసింది. తడి బూడిదను చూసింది. అప్పుడు లోపలికొచ్చి, దూరంగా గోడకు ఆనుకుని కూర్చుంది.

ఇప్పుడు అన్నం ఉంది, పప్పు ఉంది, ఇంకేమైనా వండటానికి మాత్రం నిప్పు లేదు. హమాలీ పిల్లల వైపు చూసే ధైర్యం చాలక నాతో అన్నాడు: "పిల్లలకు ఏమిష్టమో అడుగుండ్రి మేడం."

నేను అడిగేలోపే భార్య నాతోనే అంది: "పచ్చి పులుసు ఇష్టం మేడం. దానికి పొయ్యి అక్కర్లే. చింతపండు నానెయ్యమనుండ్రి."

నేను నేర్పని వంట అది. చింతపండు తెచ్చి ఇచ్చి పక్కకు తప్పుకున్నాను. అతను కింద కూర్చుని నానేశాడు, పిసికాడు. ఆమె రెండు బారల దూరంలో కూర్చుని నాకు చెబుతోంది, నేను అతనికి చెబుతున్నాను. ఉల్లిగడ్డలు కొయ్యమనుండ్రి. ఉప్పేసి పిసకమనుండ్రి. కోర్టులో తర్జుమా చేసే మనిషినయ్యాను. కాసేపటికి ఆమె ఉండబట్టలేకపోయింది.

"గట్ల గాదు! గట్టిగ పిసుకు. ఉల్లిగడ్డ నీరు దిగాలె. మిరపకాయ గూడ అండ్లనే నలుపు."

"గిట్లనా?"

"ఆఁ, గట్ల. బెల్లం జరంతనే ఎయ్యి, చిన్నదానికి తీపి ఎక్కువైతే తినది."

నేను లేచి నీళ్లు తాగడానికి వెళ్లిపోయాను. నాతో పని అయిపోయింది. మిగతా మగవాళ్లు కూడా తలా ఒక గిన్నె తెచ్చుకుని తమ తమ భార్యల ముందు కూర్చున్నారు. ఒక్కొక్క ఇంటి పులుసు ఒక్కొక్క తీరు. ఒకామె నువ్వుల పొడి లేనిదే పులుసేంటని మొగుణ్ణి అందరి ముందే దులిపేసింది. వంట క్లాసు అంటే అదీ! ఆ గోదాంలో నేను విన్నవాటిలో అంత కమ్మటి గోల ఇంకోటి లేదు.

హమాలీ అన్నం కలిపి పళ్లెం నేల మీద పెట్టి, పెద్దపిల్ల వైపు జరిపి, తను వెనక్కి జరిగి కూర్చున్నాడు. ఆ పిల్ల ముందు చెల్లెలికి పెట్టింది. తర్వాత తను తిన్నది. తండ్రితో ఒక్క మాట కూడా మాట్లాడలేదు.

భార్య వెళ్తూ వెళ్తూ అన్నది: "గిప్పుడే రాను. పిల్ల ఎప్పుడు వస్తనంటే గప్పుడు." అతను సరేనన్నాడు. కథల్లో అయితే అదే రోజు అందరూ ఒకే బస్సెక్కుతారు. మా గోదాంలో అలాంటివి జరిగేవి కావు.

ఆ తర్వాత మా క్లాసుల పద్ధతి మారింది. మొదటి రోజు మగవాళ్లతో పాటు ఇంటివాళ్లను కూడా కూర్చోబెట్టి మాట్లాడేవాళ్లం. ఇప్పుడు ఇలాంటి పనిలో ఉన్న పిల్లలకు నేను చెప్పేది ఇదొక్కటే. డైట్ చార్టు రాసే ముందు, ఆ ఇంట్లో ఏ వాసనకు ఎవరు లేచి బయటికి పోతారో కనుక్కోండి. ఆ సంగతి ఏ రక్తపరీక్షలోనూ తెలియదు.

హమాలీ మిల్లుకు తిరిగి వెళ్లి, మిర్యాలగూడలో ఒక చిన్న గది కిరాయికి తీసుకుని తనే వండుకుని తిన్నాడు. ఆదివారం ఆదివారం పాలకీడు వెళ్లి అరుగు మీద కూర్చుని వచ్చేవాడట. ఒకసారి జారాడు కూడా. తనే వచ్చి డాక్టరుగారికి చెప్పి, మళ్లీ కొన్నాళ్లు మా దగ్గర ఉండి వెళ్లాడు. వానాకాలం పోయి చలికాలం వచ్చాక భార్యాపిల్లలు అతని దగ్గరికి వచ్చేశారని వార్డెను చెప్పాడు.

ఏడాది పైన అయ్యుంటుంది. మిర్యాలగూడలో మా కేంద్రం తరఫున ఏదో శిబిరం పెడితే వెళ్లాను. హమాలీ భార్య వెతుక్కుంటూ వచ్చి, భోజనానికి రావాల్సిందేనని చెయ్యి పట్టుకుంది. దారిలో మాటల మధ్య మామూలుగా అంది: "ఇయ్యాల యాట తెచ్చిండు మేడం. మేమొచ్చినంక ఇదే మొదలు. పెద్దది తెమ్మన్నది."

అంతా బాగుంది కదా, ఇప్పుడెందుకు ఈ పరీక్ష అనుకున్నాను. వాళ్ల సందులోకి తిరిగేసరికే వాసన ఎదురొచ్చింది. గబగబా పక్కింటి గడప వైపు చూశాను. అక్కడ ఎవరూ లేరు.

లోపల హమాలీ పీట మీద కూర్చుని గంటె తిప్పుతున్నాడు. పెద్దపిల్ల అతని మోకాలికి ఆనుకుని పొయ్యి ముందు కూర్చుని, కట్టె ఎగదోస్తోంది. అతను గంటెతో ఒక ముక్క తీసి ఉడికిందో లేదో చూడబోయాడు. ఆ పిల్ల చెయ్యి అడ్డం పెట్టింది.

"ఇంక కాలే నాయినా. జర ఆగు."

అతను ఆగాడు. నేను గుమ్మంలోనే నిలబడి, పొగ కళ్లలో పడిందని చెప్పి కొంగుతో తుడుచుకున్నాను. కూర దిగాక అందరికీ ఆ పిల్లే వడ్డించింది. తను రెండోసారి కూడా వేసుకుంది.